తండ్రి గడి

నా మొదటి పేజీల్లో నూలు లెక్కలుంటాయి. బేళ్ళు, కౌంట్లు, మిల్లు బాకీలు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన జమాఖర్చుల పుస్తకాన్ని నేను. మిల్లు పని మానేసిన రోజు పెద్దాయన నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. జమ గడి మీద ‘తల్లి’ అనీ ఖర్చు గడి మీద ‘తండ్రి’ అనీ రాసి కుక్కల పద్దు మొదలుపెట్టారు. నా కింది మూల చిరిగింది చూశారా, అది పాతబడి చిరగలేదు. ఒక కుక్కపిల్ల పాలపళ్ళ పని.

మాది రాజపాళయం. తమిళనాడులో విరుదునగర్ జిల్లా, పడమటి కనుమల కింద ఊరు. ఇక్కడి రాజు కులస్థుల ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం. విజయనగర రాజుల కాలంలో తెలుగు నేల నుంచి వచ్చామని చెప్పుకుంటారు. మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఊరి పేరు మోసే కుక్కను పెంచి నిలబెట్టిందీ ఈ కుటుంబాలే. మచ్చలేని తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు, తేనె రంగు కళ్ళు, అడవిపంది వెంట పరిగెత్తగల పొడుగాటి కాళ్ళు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల బొమ్మలతో బిళ్ళలు వేస్తే అందులో మాదొకటి. ఆ బిళ్ళను పెద్దాయన నా అట్ట లోపల అంటించారు. జిగురు ఎక్కువై ఒక అంచు పసుపెక్కింది.

ఇక అసలు సంగతి. 2014 పేజీలో ఒకే ఈతలో పుట్టిన రెండు పేర్లున్నాయి: మగది ముత్తు, ఆడది మల్లి. మిగతా పిల్లల్ని ఇచ్చేసి ఈ రెండింటినీ ఇంట్లోనే ఉంచుకున్నారు. ఒకదానికొకటి తోడుంటాయి, పోట్లాడుకోవు అని అందరూ చెప్పే మాటే. పోట్లాడుకోలేదు కూడా.

మల్లికి ఎనిమిదో నెలలో మొదటిసారి ఎద వచ్చింది. ఇంటి కొడుకు జాగ్రత్తపరుడే. రక్తం చుక్కలు కనబడగానే దాన్ని వెనక గదిలో వేసి గడియ పెట్టాడు. వారం పైగా ముత్తు ఆ తలుపు ముందే పడుకుంది, అన్నం కూడా సరిగ్గా ముట్టలేదు. తర్వాత రక్తం తగ్గి, రంగు పలచబడి గడ్డినీళ్ళలా మారింది. ‘అయిపోయింది’ అనుకుని తలుపు తీశారు. ఎక్కువ ఇళ్ళలో పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. రక్తం పలచబడటం ఎద ముగిసిన గుర్తు కాదు. ఆడకుక్క మగదాన్ని దగ్గరకు రానిచ్చే రోజులు అప్పుడే మొదలవుతాయి. మొత్తం మూడు వారాలు దాటేదాకా గడియ తీయకూడదు. పైగా ‘అన్నాచెల్లెళ్ళు కదా’ అన్న ధీమా ఒకటి. ఆ వరస మనుషులది. కుక్కకు వాసనే తెలుసు.

పెరట్లో రెండూ కలిసిపోయి ఉండగా ఇంటావిడ చూసి కేక పెట్టింది. కొడుకు బిందెడు నీళ్ళు కుమ్మరించాడు, తోక పట్టి లాగబోయాడు. పెద్దాయన ఆపారు. ముడిపడ్డాక లాగితే రెండింటికీ గాయాలే తప్ప లాభం లేదు. పావుగంటో అరగంటో పోయాక అవే విడిపోతాయి. ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి ఉంటే దారులుండేవి. గర్భసంచి తీసేసే ఆపరేషను అందులో అన్నిటికంటే నికరమైనది. ‘చూద్దాం, నిలవదేమో’ అన్నారు. నిలిచింది.

రెండు నెలల తర్వాత చెక్కపెట్టెలో మల్లి ఈనింది. పక్కనున్న ఛత్రపట్టిలో ఆస్పత్రుల కోసం కట్టుగుడ్డ నేస్తారు. ఆ గుడ్డ తునకలే పెట్టెలో పరిచారు. ఆరు పుట్టాయి. ఒకటి ఊపిరి లేకుండానే వచ్చింది. ఇంకొకటి మూడో రోజున తల్లి పాలు వదిలేసి చల్లబడిపోయింది. నాలుగు మిగిలాయి, చూడటానికి ముద్దొచ్చేలా ఉన్నాయి. ‘ఏమీ కాలేదుగా’ అని కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు.

అయిదో వారంలో ఏడో తరగతి చదివే మనవరాలు ఒక స్టీలు పళ్ళెం, గరిటె తెచ్చింది. పిల్లలు నిద్రపోతుండగా వెనకనుంచి వాయించింది. మూడు ఉలిక్కిపడి లేచాయి. నాలుగోది పక్కకు కూడా తిరగలేదు. మళ్ళీ వాయించింది. అది కలలో పాలు తాగుతున్నట్టు మూతి ఆడిస్తూ పడుకునే ఉంది.

తెల్ల కుక్కల్లో ఈ చెవుడు ఎక్కడినుంచి వస్తుందో నాకు తర్వాత తెలిసింది, నా పేజీల అంచుల్లోనే రాశారు గనుక. లోపలి చెవి పనిచేయడానికి రంగునిచ్చే కణాలు కావాలి. ఒంటికి తెలుపునిచ్చే జన్యువులు కొన్నిసార్లు ఆ కణాల్ని చెవిలోకి కూడా చేరనివ్వవు. అప్పుడు పుట్టిన మూడు నాలుగు వారాల్లోనే వినికిడి చచ్చిపోతుంది. అన్నాచెల్లెళ్ళు కలిసినందువల్ల కొత్తగా లోపం పుట్టదు. తాతల నుంచి ఇద్దరిలోనూ దాగి వచ్చిన ఒకే లోపం రెండువైపుల నుంచీ వచ్చి ఒకే పిల్లలో కలిసే అవకాశం పెరుగుతుంది. పిల్లలు తక్కువ పుట్టడం, పుట్టినవి నిలవకపోవడం కూడా ఇలాంటి ఈతల్లో ఎక్కువ. బాగున్న మూడూ లోపాన్ని మోస్తూ ఉండవచ్చు, పైకి కనబడదు.

ఆ ఈతకు నాలో ఒక పేజీ ఉంది. తల్లి: మల్లి. తండ్రి గడిలో పెద్దాయన కలం చాలాసేపు ఆగింది. సిరా చుక్క పడింది. చివరికి ఒక అడ్డగీత గీశారు.

చెవిటిదాన్ని ఎవరికీ ఇవ్వలేదు. పెద్దయ్యాక ఆపరేషను చేయించి, చేతి సైగలు నేర్పి ఇంట్లోనే పెంచారు. తక్కిన మూడూ మూడు ఊళ్ళకు వెళ్ళాయి. ఒక మగపిల్లను శంకరన్‌కోవిల్ మనిషి పట్టుకెళ్ళాడు. తండ్రి ఎవరని అడిగితే ‘మంచి జాతే’ అన్నారు. అబద్ధం కాదు మరి!

ఆ అడ్డగీతకు కాళ్ళొచ్చింది 2020లో. ఆ ఆగస్టులో ప్రధాని రేడియోలో దేశీ కుక్కల గురించి మాట్లాడుతూ రాజపాళయం పేరు కూడా చెప్పారు. మా ఇంటి ఫోను మోగడం మొదలైంది. అప్పటికి ఇంట్లో మల్లి కూతురు కనక ఉంది. దాని తండ్రి శ్రీవిల్లిపుత్తూరు కుక్క, ఆ గడి శుభ్రంగా నిండి ఉంది. ‘దీనికి మాత్రం బయటి నెత్తురే తేవాలి’ అని కొడుకు వెతికి వెతికి ఒక చక్కటి మగకుక్కను తెచ్చాడు. శంకరన్‌కోవిల్ నుంచి.

మనవరాలు అప్పటికి తిరునెల్వేలిలో పశువైద్యం చదువుతోంది. సెలవులకు వచ్చి నన్ను తెరిచి, ‘ఈ మగదాని తండ్రి ఎవరు నాన్నా?’ అంది. ఆయనకు తెలియదు. ఫోను చేయించింది. అవతలి మనిషి నవ్వి, ‘మీ ఇంటి పిల్లే కదమ్మా దీని తండ్రి, మీ తాతగారే ఇచ్చారు’ అన్నాడు.

ఆ సాయంత్రం నా వెనక పేజీల మీద పెన్సిలు నడిచింది. ఒక కుక్క జన్యువుల్లో తల్లివైపూ తండ్రివైపూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి ఎన్ని ఉండవచ్చో లెక్కగట్టే పద్ధతిని సీవాల్ రైట్ అనే అమెరికా శాస్త్రవేత్త 1922లో చెప్పాడు. తోబుట్టువులు కలిస్తే 25 శాతం. తండ్రి కూతుళ్ళకూ అంతే. ఒక్క తండ్రో ఒక్క తల్లో ఉమ్మడిగా ఉన్నవాటికి 12.5. కనకకూ, ‘బయటి’ మగకుక్కకూ పుట్టబోయే పిల్లలకు 9.375 తేలింది. సున్నా అనుకున్నచోట!

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, ‘మేనమామను చేసుకుంటే పన్నెండున్నర అని నువ్వే అన్నావు. మీ నాయనమ్మ నాకు అక్క కూతురే. ఇది అంతకంటే తక్కువే కదమ్మా, మనకేమైంది?’ అన్నారు.

‘మీరు ఒక్కసారి చేసుకున్నారు తాతా. వీటికి ప్రతి తరంలోనూ మేనరికమే.’

అని నా పాత పేజీలు తిరగేసి మల్లికి వంశవృక్షం గీసింది. నాలుగో తరంలో పదహారు గళ్ళు రావాలి. తొమ్మిది పేర్లతోనే నిండిపోయాయి, కొన్ని పేర్లు రెండేసి చోట్ల కూర్చున్నాయి. అంటే 9.375 అన్నది కనీస లెక్క, అసలుది ఇంకా ఎక్కువ. గడియ తీసిన ఒక్క మధ్యాహ్నం కంటే ఈ పేజీలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. పోటీల్లో బహుమతి కొట్టిన మగకుక్క ఒకటుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాని దగ్గరకే పరిగెత్తేవి. పదేళ్ళు తిరిగేసరికి ఎవరి ఇంటి కుక్క చూసినా దానికి మనవడో మనవరాలో. వాకిలి వేసి ఉన్నా దగ్గరి చుట్టమే ఎదురొస్తుంది.

ఇది మా ఊరి సంగతే కాదు. ఇంగ్లండులో 2008లో జాతి కుక్కల గురించి బీబీసీ ప్రసారం చేసిన డాక్యుమెంటరీ మీద పెద్ద గొడవ రేగాక, మరుసటి ఏడు అక్కడి కెన్నెల్ క్లబ్ తోబుట్టువులకూ, తల్లి కొడుకులకూ, తండ్రి కూతుళ్ళకూ పుట్టిన పిల్లల్ని నమోదు చేయడం మానేసింది. మన దగ్గర 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో 18 నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించకూడదనీ, 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదనీ ఉంది. నా పేజీల్లో ఆ రెండూ తప్పిన ఈతలు బోలెడు.

శంకరన్‌కోవిల్ కుక్కను మర్యాదగా వెనక్కి పంపారు. కనకకు ఆ ఎద ఊరికే పోయింది, కొడుకు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఫోన్లో బయానా ఇస్తామన్నవాళ్ళకు లేవని చెప్పాల్సి వచ్చింది మరి. అయిదు తరాల్లో మా పేరొక్కటీ తగలని మగకుక్క కోయంబత్తూరు వైపు దొరకడానికి ఏడాది పట్టింది. దానికి చెవుల పరీక్ష చేయించాకే ఒప్పుకుంది మనవరాలు. పళ్ళెం వాయిస్తే రెండు చెవులూ పోయినవే పట్టుబడతాయి. ఒక చెవి పోయిన కుక్క హాయిగా తల తిప్పి చూస్తుంది, పిల్లలకు లోపాన్నీ ఇవ్వగలదు. శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చూసే పరీక్షే దానికి నమ్మకం.

ముత్తుకు ఆపరేషను చేయించారు. ఎద వచ్చిన తేదీలు ఇప్పుడు నాలో ఎర్ర సిరాతో పడుతున్నాయి. మగవీ ఆడవీ ఉండే చోట్ల మధ్య ఒకటి కాక రెండు తలుపులున్నాయి. అమ్మే ప్రతి పిల్లకూ మైక్రోచిప్ వేసి ఆ పదిహేను అంకెలు నాలో ఎక్కిస్తున్నారు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. పెద్ద ఖర్చల్లా ఒక ఎద వదులుకోవడం, వచ్చిన బేరానికి లేదనడం.

తండ్రి గడిలోని గీతను కూడా మనవరాలు వదల్లేదు. దాని పైన కలంతోనే రాసింది: ముత్తు, మల్లికి తోబుట్టువు, పొరపాటున. పిల్లలు వెళ్ళిన మూడు ఇళ్ళకూ ఫోను చేసి అదే మాట చెప్పింది. ఇద్దరు వాటితో మళ్ళీ ఈత తీయబోమన్నారు. ఒకాయన విసుక్కుని పెట్టేశాడు.

మీరు ఏ ఊళ్ళో ఏ జాతి పిల్లను కొనబోయినా ముందు తల్లిని చూపించమనండి. తర్వాత తండ్రి పేరు, దాని తండ్రి పేరు అడగండి. నాలాంటి పుస్తకం ఉంటే తీయమనండి. తండ్రి గడిలో గీత కనబడితే బేరమాడకండి, లేచి వచ్చేయండి.