నా చేతులతో కట్టిన డబ్బా

మునుపు ఆదివారం వస్తే మనవాళ్ళు ఇంట్లో కునుకు తీసేవారు. ఇప్పుడు ప్రకృతిని చూడ్డానికి పోతున్నారు. ఉత్తచేతులతో పోతే ప్రకృతి పలకరించదేమో, ఇంటిని కూడా కారు వెనక కట్టుకుని మరీ బయల్దేరుతున్నారు. ఆ ఇల్లు ‘స్వయంగా’ కట్టుకున్నామని చెప్పుకోవడం ఈ మధ్య ముదిరిన జబ్బు.

తాండూరు ఊరి బయట ఒక వెల్డింగు షాపు అనుకోండి. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సారొకరు, మేస్త్రి ఒకరు. గుంటుక అతికించుకోవడానికి పొద్దున్నుంచి కూచున్న తాత ఒకాయన.

సారు: మేస్త్రీ, నేను నా చేతులతో క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకుంటున్నా.

మేస్త్రి: మంచిగుంది సారు. మరి గీడికెందుకొచ్చిన్రు?

సారు: వెల్డింగు నీతో చేయిద్దామని.

మేస్త్రి: చెక్కపని?

సారు: వికారాబాదులో కార్పెంటరుకిచ్చా.

మేస్త్రి: ఇరుసు?

సారు: స్క్రాపులో దొరికింది. పాత మారుతి వ్యానుది, కమాన్లతో సహా.

మేస్త్రి: మరి నక్షా?

సారు: డిజైనా? అది అమెరికాది! నీటిబొట్టు ఆకారం. 1930లలోనే అక్కడివాళ్ళు ఇంటి వెనక షెడ్లలో కట్టుకునేవారు. 1947లో మెకానిక్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రిక ప్లాను కూడా అచ్చువేసింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ప్లైవుడ్ షీటు కొలతా సరిగ్గా అంతే.

మేస్త్రి: నక్షా అమెరికోళ్ళది, చెక్క వికారాబాదోళ్ళది, ఇరుసు మారుతోళ్ళది, అతుకు నాది. మీ చేతులు యాడ పెడ్తరో జెర చెప్పుండ్రి, గంత జాగ ఇడుస్త.

సారు: నేను వీడియో తీస్తున్నాగా!

మేస్త్రి: ఔ మల్ల, ఫోను బరువే ఉంటది.

సారు: వెనక తలుపెత్తితే వంటగట్టు. లోకల్ ఫీల్ కోసం తాండూరు బండ వేయిస్తా. నాలుగడుగులకు అడుగున్నర.

మేస్త్రి: అంగుళం మందం బండ అడుగుకడుగు ముక్కే ఆరు కిలోల పైన ఉంటది. మీది ఆరు ముక్కలంత. అంటే ముప్పై ఆరు కిలోలు ఎనకనే కూసుంటది. దాని మీద పొయ్యి, సిలిండరు, నీళ్ళ డబ్బా. అన్నీ ఎనకనేనా?

సారు: వంట అక్కడే కదా మరి!

మేస్త్రి: మా తాతకు గూడుబండి ఉండె సారు. కార్తీకంల అనంతగిరి జాతరకు ఇంటిల్లిపాదినీ ఎక్కిచ్చుకొని పోతుండె. బియ్యం, గిన్నెలు, బొంతలు, ఎడ్లకు గడ్డి, కింద యాలాడే లాంతరు. దాన్ని ఎవ్వలూ క్యాంపింగ్ అనలే, జాతర అన్నరు. బయలెల్లేటప్పుడు తాత మొదలు సూసేది కాడి దిక్కు. ఎనక బరువైతే కాడి పైకి లేస్తది, మెడతాళ్ళు ఎడ్ల గొంతుకు బిగుస్తయి. కారుకు గొంతు లేదు గనక అరవది. కొక్కెం పైకెత్తితే కారు ఎనక చక్రాలు తేలికైతయి, జోరు మీద డబ్బా పాములెక్క ఊగుతది. మొత్తం బరువుల పదోవంతన్న కొక్కెం మీద పడాలె. బతుకు గూడ గంతే సారు. మనిషన్నోడు ముంగటెంత, ఎనకెంత అని…

తాత: మేస్త్రీ, పురాణం పొద్దుమీకి చెప్పుకోవచ్చు. ముందుగాల నా గుంటుక.

మేస్త్రి: ఐపోయింది తాతా, గీ సారు డబ్బా ఒక్కటి. సారు, ఆర్టీవో సంగతేంది? 1988 చట్టంల ట్రైలరు గూడ మోటారు వాహనమే. దానికి ఇంజను లేకున్నా రిజిస్ట్రేషన్ ఉండాలె.

సారు: ఇది హాబీ, మేస్త్రీ!

మేస్త్రి: గా కాయితంల హాబీ అని గడి లేదు. సరే, రివర్సు వచ్చునా? స్టీరింగు కుడికి తిప్పితే డబ్బా ఎడమకు పోతది. అనంతగిరి మూలమలుపుల మీద కొత్తోళ్ళు నేర్సుకునేది గాదు.

సారు: అవన్నీ సర్దుకుంటాయి. ఆ రాత్రి ఊహించుకో! మూసీ పుట్టిన కొండ, పైన నక్షత్రాలు…

మేస్త్రి: పొద్దుగాల కోతులు. ఎనక తలుపు ఎత్తంగనే ఆటికి వంటిల్లు దొరుకుతది.

సారు: (పట్టించుకోకుండా) పొయ్యి మీద పప్పు. ఇదిగో, ఒరిజినల్ తాండూరు కందిపప్పు! 2022లో జీఐ గుర్తింపొచ్చింది, తెలుసా? హైదరాబాదులో వెతికి వెతికి కొన్నా.

తాత లేచి వచ్చి ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాడు.

తాత: యాడికెల్లి తెచ్చినవు బిడ్డా?

సారు: గచ్చిబౌలి.

తాత: మా సేన్ల పండి, యార్డుకు పోయి, మిల్లుకు పోయి, పట్నం పోయి, గీ రంగు సంచి ఏస్కొని మల్ల నా ముంగటికొచ్చింది. మీరింకా పోలే గని, నా కందులు క్యాంపింగ్ పోయొచ్చినయి.

సారు: అదే కదా తాతా, బ్రాండింగ్!

తాత ధర చదివాడు. ఇంకోసారి చదివాడు. ప్యాకెట్టు తిప్పితే అటువైపు తలపాగా చుట్టిన రైతు బొమ్మ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ.

తాత: గీయనెవలు?

సారు: రైతు, తాతా.

తాత: గింత నవ్వుతుండంటే, ఈయన గుంటుక అతికిచ్చుకొని పోయినట్టున్నడు.