చీర ఒకరికి, నంబర్లు అందరివీ

చీరలమ్మే ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో ఈమధ్య కొనేవాళ్ల కంటే గెలవబోయేవాళ్ల సందడే ఎక్కువ. ఉచితంగా చీర ఇచ్చే గివ్‌అవే పద్ధతి అందరికీ కంఠస్థం. పేజీని ఫాలో కావాలి, వీడియోకి లైక్ కొట్టాలి, ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేయాలి, స్టోరీలో పెట్టాలి, ఆపైన వాట్సాప్ నంబర్ పంపాలి. కింద కామెంట్లలో "ఆల్ డన్ అండీ", "డన్ సిస్", "ఈసారైనా నాకే రావాలి అక్కా" అంటూ జాతర. నేత ఏ ఊరిదో, ఉతికితే రంగు నిలుస్తుందో లేదో అడిగిన నాథుడు మాత్రం కనబడడు. ఒక్క చీర చూపించి ఇంతమంది చేత జీతం లేకుండా ప్రచారం చేయించుకోవడం మామూలు తెలివి కాదు.

కాకపోతే ఆ తెలివి అమ్మకం దాకా రాదు. విజేత పేరు చెప్పిన మర్నాటికే సగం మంది 'సిస్'లు జారుకుంటారు. మిగిలినవాళ్లు వచ్చే గివ్‌అవే కోసం కాచుక్కూర్చుంటారు. ఫొటో లేని, సొంత పోస్టు ఒక్కటీ లేని ఖాతాలు కొన్ని ఈ వేటకే పుట్టాయి. నిన్న పూర్తి ధర పెట్టి కొన్న ఇల్లాలు మాత్రం అదే చీర ఇవాళ ఊరికే ఇస్తుంటే చూసి ఒళ్లు మండి, ఇకమీదట తనూ ఆగుదామనుకుంటుంది. ఫాలోవర్ల అంకె పెరిగిందని మురిసిపోయే దుకాణం పోగొట్టుకునేది ఈ ఒక్క మనిషినే, డబ్బిచ్చే మనిషిని.

చిన్న దుకాణాలకు ఈ విద్య పెద్దవాళ్లే నేర్పారు. 2019 దీపావళికి గూగుల్ పే ఐదు స్టాంపులు పోగేస్తే 251 రూపాయలిస్తామంది. దీపం, పువ్వు, లాంతరు, జుంకా ఎలాగో దొరికాయి. రంగోలీ దొరకలేదు. ఆఫీసుల్లో, కాలేజీల్లో, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "రంగోలీ ఉందా?" ఏనాడూ ఫోన్ చేయని బావమరిది ఆ వారం ఫోన్ చేశాడంటే అందుకే. ఆ స్టాంపు కోసం జనం అవసరం లేని చెల్లింపులు చేశారు, అడగని మిత్రుల చేత యాప్ వేయించారు.

ఇచ్చేవాళ్ల లెక్క తప్పితే ఎలా ఉంటుందో అమెరికాలో సైబర్‌రిబేట్ అనే ఆన్‌లైన్ దుకాణం చూపించింది. 1998లో మొదలైంది. బయటి ధరకు కొన్ని రెట్లు వసూలు చేయడం, కొన్ని వస్తువులకైతే కట్టిన సొమ్మంతా తర్వాత చెక్కుగా వెనక్కి పంపడం దాని వ్యాపారం. ఫారం నింపి పంపడం చాలామంది మరిచిపోతారన్నది దాని ధీమా. డబ్బు రావలసినవాడికి మతిమరుపు ఉంటుందని నమ్మిన వ్యాపారిని ఏమనాలి? 2001 మేలో దివాలా పిటిషన్ వేసింది. 'ఉచితం' అని నమ్మి కొన్నవాళ్లు అప్పులవాళ్ల వరసలో నిలబడ్డారు.

మన చట్టం ఈ విషయంలో మొహమాటపడలేదు. ధరలోనే కలిపేసి ఉచితమని నమ్మించడం, ఇచ్చే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, పథకం ముగిశాక ఫలితాలు దాచడం, ఇవన్నీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. అయినా "ఇంతకీ ఎవరు గెలిచారండీ?" అని అడిగినవాళ్ల కామెంటు మాయమవుతూనే ఉంటుంది.

పన్ను సంగతి మరీ వినోదం. పోటీలో, లాటరీలో గెలిచినదానిపై 30 శాతం పన్ను, సెస్సు అదనం; 10 వేల రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లే ముందుగా పన్ను కోయాలి. బహుమతి వస్తు రూపంలో ఉంటే, పన్ను కట్టారని చూసుకున్నాకే అప్పగించాలి. ఎనిమిది లక్షల కారు గెలిచిన అదృష్టవంతుడు ముందుగా దాదాపు రెండున్నర లక్షలు వెతుక్కోవాలి, ఇచ్చే సంస్థే భరిస్తే తప్ప.

మోసగాడికి ఈ నిబంధన కంటే ఏం కావాలి? పేరున్న షాపింగ్ సంస్థ ముద్రతో పోస్టులో స్క్రాచ్ కార్డు వస్తుంది. గీకితే కారు. ఫోన్ చేస్తే తేనెలొలికే తెలుగులో "కారు కావాలా సార్, క్యాష్ ఇవ్వమంటారా?" అని అడుగుతారు. క్యాష్ అంటే ముందు పన్ను, తర్వాత ప్రాసెసింగ్ ఫీజు, ఆ తర్వాత ఇంకేదో. అసలు సంస్థయితే పాన్ అడిగి ప్రభుత్వానికి కడుతుంది, వీడు తన ఖాతా నంబర్ ఇస్తాడు. తేడా అంతే, అదీ డబ్బు పోయాక తెలిసే తేడా. చిరునామా, కొన్న వస్తువు పేరు సరిగ్గా ఉంటే ఎంత చదువుకున్నవాడైనా అనుమానించడు. అందుకే కొన్ని సంస్థలు "మేము లక్కీ డ్రాల పేరుతో ఎవరినీ డబ్బు అడగం" అని తమ యాప్ అడుగున చిన్న అక్షరాల్లో హెచ్చరిక పెట్టాయి. ఆ హెచ్చరిక దాకా వెళ్లాలంటే ముందు తెర నిండా తిరుగుతున్న బహుమతుల చక్రాన్ని మూయాలి.