నాలుగు పెట్టెలు, ఒకే మాట

గొప్ప చూపించుకోవాలన్న దురద ఎవరికి లేదు చెప్పండి? ఒకరు కారుతో చూపిస్తారు, ఒకరు కొత్త ఇంటితో. నేను జాజ్‌తో చూపించబోయాను. అదీ మా నర్సీపట్నంలో!

1970ల మొదట్లో క్వాడ్రఫోనిక్ రికార్డులు వచ్చాయి. ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు, నడుమ వినేవాడు. హెర్బీ హాంకాక్ 1973లో చేసిన ‘హెడ్ హంటర్స్’ అనే జాజ్ ఆల్బమ్‌ని కొలంబియా వాళ్లు అలా ఎస్‌క్యూ పద్ధతిలో కూడా వేశారు. అది చేతికందిన రోజున నా కాళ్లు నేల మీద నిలవలేదు. బీరువాలంత స్పీకర్లు తెచ్చి హాల్లో నాలుగు మూలలా నిలబెట్టాను. దివాను వరండాలోకి పోయింది. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. అనకపోతేనే నాకు భయం.

ఇక గుమ్మం తొక్కినవాణ్నల్లా కుర్చీలో కూలేయడమే. “కళ్లు మూసుకోండి. బెనీ మౌపిన్ శాక్సఫోన్ మీ వీపు వెనక నుంచి వస్తోంది, వినబడుతోందా?” నాకు ఒట్టేసి చెప్పగలిగినంత స్పష్టంగా వినబడేది. పాపం, వాళ్లకీ వినబడేది. లేదంటే సంగీతం తెలియదనుకుంటానని కాబోలు. మీరైనా తలూపేవారే.

చింతపల్లి నుంచి వచ్చిన మా బావ మాత్రం కళ్లు మూసుకోలేదు. లేచాడు, వెనక పెట్టెకి చెవి ఆనించాడు, ముందు పెట్టెకి ఆనించాడు, మళ్లీ వెనక్కెళ్లాడు, నిండిన హాల్లో “ఏటి బావా, నాలుగూ ఒకే మాట చెప్తన్నాయి?” అనేశాడు.

నిజమే. ఎస్‌క్యూలో నాలుగు దారుల శబ్దాన్నీ రెండింటిలోకి మడిచి గాడిలో ఎక్కించేవారు. ఆ మడత విప్పడానికి డీకోడర్ కావాలి. నాకున్నది మామూలు స్టీరియో ఆంప్లిఫయర్. ముందు వినిపించినదాన్నే వెనకా వినిపిస్తోంది. అన్నాళ్లూ వెనక నుంచి వచ్చింది నా గొప్పే!

డీకోడర్ తెప్పించాను. మామూలువాటిలో ముందు పెట్టెకీ దాని వెనక పెట్టెకీ తేడా 3 డెసిబెల్సే. అందుకని ఆ తేడాని పెంచే లాజిక్ సర్క్యూట్ ఉన్నదే కావాలని పట్టుబట్టాను. ఇప్పుడు ఆ ఆల్బమ్‌లోని ‘కెమీలియన్’ మొదట్లో హాంకాక్ ఆర్ప్ ఒడిస్సీ సింథసైజర్ మీద వాయించిన బేసు గదంతా కమ్ముకుంటుంది. ఆ సుఖం మాత్రం అబద్ధం కాదు, మీరొచ్చి వినాలి. కాకపోతే నాలుగు శబ్దాలూ సరిగ్గా కలిసే చోట ఒక్క కుర్చీకే జాగా ఉంది. అందులో నేను కూర్చుంటున్నాను.