బకాయిల మూఢంలో గుండెనొప్పి

శ్రీ విశ్వావసు నామ సంవత్సరం (2025), భాద్రపద బహుళ పక్షం. పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇచ్చుకునే రోజులు. ఈ పదిహేను రోజులూ పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, పట్టింపున్నవాళ్లు కొత్త చీపురు కూడా కొనరు. మంగళవారం అర్ధరాత్రి నుంచి ఆ జాబితాలో ఇంకోటి చేరింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కార్డు మీద గుండెనొప్పి తెచ్చుకోవడానికీ ముహూర్తాల్లేకుండా పోయాయి.

నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం అన్నది అందరూ చదివిందే. సర్కారు బకాయిలు పధ్నాలుగు వందల కోట్ల దాకా పేరుకున్నాయి, ఇక మా వల్ల కాదు, సెప్టెంబరు 16 అర్ధరాత్రి నుంచి సేవలు బంద్. సర్కారు అన్నదీ అందరూ విన్నదే. డబ్బులు ఇస్తూనే ఉన్నాం, జనాన్ని ఇబ్బంది పెట్టొద్దు. ఈ మొత్తం వ్యవహారంలో మెచ్చుకోవలసింది ఆ ‘అర్ధరాత్రి’ని. పదకొండు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు విరిగిన తుంటి ఎముకకు కార్డుంది. పన్నెండు దాటి రెండు నిమిషాలకు విరిగినదానికి ఇంటావిడ మెడలో పుస్తెలతాడు ఉంది. ఇంత కచ్చితంగా గడియలు కట్టడం తలపండిన సిద్ధాంతులకు కూడా చేతకాదు.

గురుడు సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కనబడకుండా పోతే గురుమూఢం అంటారు. నిధులు ఆర్థికశాఖకు మరీ దగ్గరగా వెళ్లి కనబడకుండా పోతే అది బకాయిల మూఢం. 2025 జనవరిలో ఒకసారి పట్టింది. ఆగస్టు ఆఖరున పడుతుందని సంఘం నోటీసిస్తే చర్చలతో శాంతి చేసి తప్పించారు. శాంతి రెండు వారాలకే చాలింది. కృష్ణకు అవతలి గట్టున ఆంధ్రప్రదేశ్‌లో కూడా అప్పుడు ఇదే గ్రహస్థితి, పథకం పేరే వేరు. అక్కడ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటారు.

తప్పంతా జబ్బులదే. వాటికి తిథివార నక్షత్రాల పట్టింపు లేదు. పిత్తాశయంలో రాయి ఉందే, అది కాస్త మర్యాదస్తురాలు, నాలుగు రోజులు ఆగమంటే ఆగుతుంది. కిడ్నీ అలా కాదు. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు యంత్రం మీద పడుకోబెట్టాల్సిందే. ఏకాదశి అనదు, చర్చలు జరుగుతున్నాయంటే వినదు. ఇక గుండె సంగతి చెప్పనే అక్కర్లేదు, నోటీసివ్వకుండా సమ్మె చేసేది అదొక్కటే. కాబట్టి ఉగాదికి రవీంద్రభారతిలో పంచాంగ శ్రవణం చేయించేటప్పుడు సర్కారు కార్డుదారుల కోసం విడిగా ఒక ఆరోగ్య పంచాంగం అచ్చు వేయించడం మంచిది. రాశులు పన్నెండు అక్కర్లేదు, ఒకటి చాలు.

ఆదాయం: పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు. రేషన్ కార్డు కావాలంటే అంతకు మించకూడదు. వ్యయం: జబ్బును బట్టి. రాజపూజ్యం: ఐదేళ్లకోసారి, పోలింగు ముందు మూడు వారాలు. అవమానం: అడ్మిషన్ కౌంటర్ దగ్గర, సంవత్సరమంతా.

నక్షత్రాలు ఇరవై ఏడు ఏ మూలకూ చాలవు. 2024లో 163 కొత్త చికిత్సలు కలిపాక పథకంలో మొత్తం 1,835 అయ్యాయి. వచ్చిన జబ్బు వీటిలో ఏదో ఒక నక్షత్రంలో పుట్టి ఉండాలి. జాతకం కుదిరితే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కంప్యూటరులో ఎక్కించి ప్రీఆథ్‌కు, అంటే ముందస్తు అనుమతికి పంపుతాడు. ఆ అనుమతి వచ్చిన ఘడియలే అమృత ఘడియలు. అంతకు ముందంతా వర్జ్యం. జబ్బేమిటో తేలడానికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షను, మండలంలో రక్తపరీక్ష, జిల్లా కేంద్రంలో స్కానింగు. వర్జ్యంలో ఖర్చయిన ఈ డబ్బులను ఏ కార్డూ తిరిగి తెచ్చివ్వదు. షుగరు మాత్రకూ బీపీ మాత్రకూ ప్యాకేజీ లేదు. ఆ మాత్రలు మానేసి, గుండె దాకా తెచ్చుకుంటే మాత్రం ఉంది.

కొందరికి పరిహారాలు కూడా రాయాలి. సొంత డబ్బుతో వైద్యం చేయించుకుని, అసలు బిల్లులు జతచేసి, ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖతో ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కట్టినదాంట్లో కొంత వస్తుంది. చెక్కు అందుకుంటూ ఫోటో దిగడానికి రోగి కోలుకుని ఉంటే శోభగా ఉంటుంది. లేదంటే భార్య అందుకున్నా ఫోటో వస్తుంది.

(ఈ మూఢం ఉద్యోగుల కార్డుకూ జర్నలిస్టుల కార్డుకూ కూడా వర్తించింది. కనుక ఈ కాలమ్ నిష్పాక్షికంగా ఉందని ఎవరూ భ్రమపడనక్కర్లేదు.)

బంద్ అంటే అసలు ఏం బందయింది? ఆపరేషన్ థియేటరుకు తాళం వేయలేదు. సర్జన్లు సెలవు పెట్టలేదు. లిఫ్టు నడుస్తోంది, ఐసీయూలో దీపాలు వెలుగుతున్నాయి, కింద మందుల షాపు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంది. అదే డాక్టరు అదే స్టెంటును అదే బల్ల మీద వేస్తాడు, నోట్లు కడితే. ఆగిపోయింది ఒక్క బీదవాడి కార్డే. దీన్ని సేవల నిలిపివేత అనడానికి నోరెలా వచ్చింది? కరీంనగర్‌లోనో ఖమ్మంలోనో యాభై పడకల ఆసుపత్రి నడుపుతున్నవాడు నర్సుల జీతాలకూ మందుల డీలరుకూ అప్పు తెచ్చి ఇస్తున్నాడన్నది నిజమే. ఆ అప్పు వసూలుకు స్ట్రెచరు మీదున్నవాడిని అడ్డం పెట్టుకోవడం కూడా నిజమే.

ఇక సర్కారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలైనప్పుడు వలసకూలీ మొదటిసారి కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కాడు. అప్పటినుంచి ముఖ్యమంత్రులు మారారు, పరిమితులు పెరిగాయి, రాష్ట్రమే రెండైంది. 2023 డిసెంబరు 9న పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. కొత్త సర్కారు ప్రమాణస్వీకారం చేసిన రెండో రోజునే జరిగిందది. అంకె మార్చడానికి అంత తొందరపడ్డవాళ్లు బిల్లు కట్టడానికి ఎందుకు పడరు? ప్యాకేజీ రేట్లు పెంచామని చెప్పుకుంటారు. పెంచిన రేటు కట్టకపోతే పెరిగేది బకాయే కదా! తామే రాసిచ్చిన హామీ అర్ధరాత్రి వేళ రద్దయిపోతుంటే, ‘జనాన్ని ఇబ్బంది పెట్టొద్దు’ అని మూడోవాడిలా నిలబడి హితవు చెప్పడానికి సిగ్గుండాలి. పైగా మూఢం పట్టిన మర్నాడే సెప్టెంబరు 17. ప్రజాపాలన దినోత్సవం. జెండా మాత్రం వేళకు ఎగిరింది.

ఆ పొద్దున ఏ జిల్లాలో ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ దగ్గర చూసినా ఇలాంటి మనిషే ఉంటుంది. చేతిలో బట్టల షాపు కవరు, అందులో ఎక్స్‌రే ఫిల్ములు, రేషన్ కార్డు జిరాక్సులు మూడు, ఆధార్ కార్డు, చీటీలో చుట్టిన నూరు రూపాయల నోట్లు. మొగుడు గోడకు ఆనుకుని, చెయ్యి ఛాతీ మీద వేసుకుని కూర్చున్నాడు. గాజుపలక అవతలి అబ్బాయి చెడ్డవాడేం కాదు, మెల్లగానే చెబుతున్నాడు. “కార్డు మీద ఇప్పుడు చేస్తలేరమ్మా. పట్నంల నిమ్స్‌కో గాంధీకో తీస్కపోండ్రి. లేకుంటే అడ్వాన్సు కడితే ఇప్పుడే జాయిన్ చేసుకుంటరు.”

“మల్ల కార్డు ఎప్పుడు నడుస్తది బిడ్డా?”

“చర్చలు నడుస్తున్నయంట.”

ఆమె ఫిల్ములు మడత పడకుండా కవర్లో సర్దుకుంది. మెడ మీద చెయ్యి ఒకసారి వేసి చూసుకుంది. కొడుకును పక్కకు పిలిచి, బంగారం మీద అప్పిచ్చే ఆఫీసు ఎన్నింటికి తెరుస్తరో అడగమంది.

తొమ్మిదిన్నరకట.