అది నార్మలే సార్!

ఎస్‌యూవీ అంటే ఏమిటో 2022 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ తేల్చి చెప్పింది. పొడవు 4 మీటర్లు దాటాలి. ఇంజిన్ 1500 సీసీ దాటాలి. నేలకూ బండి పొట్టకూ మధ్య కనీసం 170 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. జనం దాన్ని ఎస్‌యూవీ అని పిలుస్తూ ఉండాలి. ఈ నాలుగూ కుదిరితే 28 శాతం పన్ను, దానిమీద 22 శాతం సెస్సు. 2025 సెప్టెంబరు నుంచి అంతా కలిపి 40 శాతమే అన్నారు, సంతోషం. బండి నడవాలన్న షరతు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మా బావమరిదికి అలాంటి డీజిల్ బండి ఒకటుంది. తెల్లది. కంపెనీ పేరు చెప్పను. చెబితే మా ఆవిడ ఊరుకోదు, కంపెనీ అసలే ఊరుకోదు. ఉండేది కూకట్‌పల్లి, ఉద్యోగం హైటెక్ సిటీ. ఈ మాత్రం దూరానికి కొండలెక్కే బండి ఎందుకని కొనేముందే అడిగాను. "రోడ్ ప్రెజెన్స్ బావా!" అన్నాడు. నిజమే. జేఎన్‌టీయూ దగ్గర ఫ్లైఓవర్ మొదట్లో హజార్డ్ లైట్లు వేసుకుని ఆగిపోయిన రోజు దాని ప్రెజెన్స్ మూసాపేట దాకా తెలిసింది.

ఒకసారి తోడుగా నేనూ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ఏసీ హాలు, కాఫీ మెషీను, గోడకు పెద్ద టీవీ. టీవీలో అదే మోడల్ బండి నీళ్లు చిమ్ముకుంటూ ఏరు దాటుతోంది. అద్దం అవతల అసలు బండి బానెట్ తెరుచుకుని నోరెళ్లబెట్టింది. సర్వీస్ అడ్వైజర్ ట్యాబ్ పట్టుకుని వచ్చాడు.

"ఇంజిన్ బొమ్మ లైటు వెలుగుతోంది" అన్నాడు బావమరిది.

"అది నార్మలే సార్. సెన్సర్."

"సెన్సర్ మొన్ననేగా మార్చారు?"

"అది వేరే సెన్సర్ సార్."

"పికప్ కూడా లేదు."

"డీజిల్ ఎక్కడ పోయిస్తున్నారు సార్?"

ఈ చివరి ప్రశ్నను తక్కువ అంచనా వేయకూడదు. ఇంజెక్టర్ పోయినా, టర్బో హోస్ ఊడినా, ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి బిగుసుకున్నా ముందు తప్పు మనం పోయించిన బంకుది. ఆ తర్వాత మన డ్రైవింగుది. ఆపైన రోడ్డుది. కంపెనీ వంతు వచ్చేసరికి వారంటీ అయిపోతుంది.

ఇంతకీ జబ్బు మరీ అంతుచిక్కనిదేం కాదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ చేరింది. మంచిదే, మన ఊపిరితిత్తుల కోసమే. అది ఇంజిన్ వదిలే మసిని పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని అప్పుడప్పుడూ 600 డిగ్రీల వేడిలో కాల్చెయ్యాలి. ఆ వేడి సరిగ్గా అందాలంటే బండి గంటకు 60 కిలోమీటర్ల పైన, ఆగకుండా, ఓ పదిహేను ఇరవై నిమిషాలు పరుగెత్తాలి. పొద్దున తొమ్మిదింటికి కూకట్‌పల్లిలో బయల్దేరినవాణ్ణి 60లో పొమ్మనడం కన్నా ఎగిరి పొమ్మనడం నయం.

అందుకని ఆదివారాలు మావాడు ఔటర్ రింగ్ రోడ్డెక్కుతాడు. "ఎక్కడికిరా?" అంటే "ఎక్కడికీ లేదు బావా, ఫిల్టర్ కాల్చుకొస్తా" అంటాడు. 158 కిలోమీటర్ల రోడ్డు, రాష్ట్రం దేనికోసం వేసిందో గానీ, మా బావమరిది బండి అరుగుదలకు బాగా పనికొస్తోంది. డీజిలూ టోలూ సొంతానివే. దారి మధ్యలో బండి ఆపితే కాలడం సగంలో ఆగిపోతుంది. అలా మాటిమాటికీ ఆగితే మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ కొంత కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే తగ్గాల్సిన ఆయిల్ పెరిగి ఉంటుంది. ఉత్తి పుణ్యానికి ఆయిల్ పెరిగిందని మావాడు మొదట్లో మురిసిపోయాడు కూడా.

ఇదంతా బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. షోరూంలో మాత్రం ఎవరూ నోరు విప్పరు. "రోజుకు ఎంత తిరుగుతారు సార్?" అని ఒక్క మాట అడిగితే సగంమందికి డీజిల్ అమ్మనక్కర్లేదు. అడిగేది ఒకటే: "ఫైనాన్సా సార్, క్యాషా?" విజయవాడ హైవే మీద రాత్రీ పగలూ తిరిగే ట్రావెల్స్ బండ్లు డీజిల్‌వే. లక్షల కిలోమీటర్లు మారుమాట్లాడకుండా తిరుగుతాయి. వాటికి రోడ్డుంది.

కొన్ని మోడళ్లకు యూరియా ద్రావణం కూడా పోయాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. అది అయిపోతే, హెచ్చరికలన్నీ ముగిశాక, బండి మళ్లీ స్టార్ట్ కాదు. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు. అదే యూరియాను డబ్బాలో కొని కారుకు పోసుకునేవాడు, వాళ్లను టీవీలో చూసి "పాపం" అన్నాడు.

డీజిల్ చవకన్న మాట ఇంకా చెలామణీలో ఉంది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గరుంది. అప్పుడు కొన్నవాడు తెలివైనవాడే. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. 2024లో హైదరాబాద్‌లో తేడా 12 రూపాయల లోపు. ఆ మిగులంతా 'కన్స్యూమబుల్స్' అని బిల్లులో ఒకే ఒక్క వరసలో పోతుంది.

కోర్టుకెళ్దామంటారా? 2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. కానీ తయారీ లోపం ఉందని నిరూపించాల్సింది నువ్వు. వారంటీ అంటే చెడిన భాగం మార్చడమేననీ, బండి మొత్తం మార్చమనలేమనీ 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే, అదే లోపం మళ్లీ మళ్లీ వస్తే బండి మార్చివ్వాలి లేదా డబ్బు వెనక్కివ్వాలి అని చట్టం చేసుకుంది. మన దగ్గర వాహన పూజనాడు చక్రాల కింద తొక్కించే నాలుగు నిమ్మకాయలే రక్ష.

కంపెనీ సంగతి సరే, దాని వ్యాపారం దానిది. నాకు అంతుపట్టనివాడు యజమాని. సర్వీస్ సెంటర్లో బల్ల గుద్దిన మనిషి ఆ సాయంత్రమే పెళ్లి భోజనాల్లో తోడల్లుడు "బండి ఎలా ఉందన్నయ్యా?" అంటే, "సూపర్! ట్యాంకులా ఉంటుంది" అంటాడు. ఐదు రోజులుగా ఆ ట్యాంకు వర్క్‌షాపులోనే ఉంది, ఈయన క్యాబ్‌లో వచ్చాడు. ఇరవై లక్షలు దాటిన వస్తువును బాగాలేదనడానికి మనసొప్పదు, అందులోనూ ఇంకా ఈఎంఐలు మిగిలి ఉంటే. పైగా ఫ్యాక్షన్ సినిమాలు మన తలకెక్కించిన భక్తి ఒకటి. ఎన్ని సుమోలు గాల్లోకి లేచాయో చూశాం గానీ, కత్తులు దూసుకుని బయల్దేరబోతే ఇంజిన్ లైటు వెలిగి ఆగిపోయిన సీను ఒక్కటైనా చూశామా?

కిందటి నెల మావాడు బండి అమ్మకానికి పెట్టాడు. ప్రకటన నాకు చదివి వినిపించాడు: "సింగిల్ ఓనర్. సిటీ డ్రైవింగ్ మాత్రమే. ఫుల్ సర్వీస్ రికార్డు." ఒక్క ముక్క అబద్ధం లేదు. సర్వీస్ రికార్డయితే ఒక ఫైల్లో పట్టక రెండోది కొన్నాడు.

"మరి ఇప్పుడేం కొంటావు?" అన్నాను.

"ఇదే కంపెనీ బావా, కొత్త మోడల్. డీజిలే. పాత కంప్లయింట్లన్నీ అందులో సరిచేశారట."

"ఎవరన్నారు?"

"సర్వీస్ అడ్వైజర్."