మా రోజుల్లో వైరు లాగితే

ప్రత్తిపాడులో ఈమధ్య లేస్తున్న ఇళ్లు చూస్తుంటే నాకు కడుపు మండిపోతోంది. ఏసీకి పైపు వేస్తారు, డిష్షుకి పైపు వేస్తారు, ఇన్వర్టరుకి వేరే లైను లాగుతారు. కంప్యూటరు వైరుకి మాత్రం గోడలో జానెడు పైపు ఉండదు. అడిగితే "ఇప్పుడన్నీ వైఫైయే కదండీ" అంటారు. గృహప్రవేశమైన నెలకే ఆ మనిషి ఫోను పైకెత్తి పట్టుకుని డాబా మెట్ల మీద సిగ్నలు వెతుక్కుంటూ కనిపిస్తాడు.

తొంభైల్లో నేను గుంటూరులో ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. అక్కడి కంప్యూటర్లన్నిటినీ ఒకే నల్లటి కోయాక్సియల్ వైరు వరసగా కలిపేది. ప్రతి మిషను వెనకా టి ఆకారపు కనెక్టరు, వైరు రెండు కొసలకీ 50 ఓంల టెర్మినేటర్లు ఉండేవి. మొత్తం పొడవు 185 మీటర్లు దాటకూడదు. ఎవరి కాలో తగిలి మధ్యలో వైరు ఊడిందంటే ఆఫీసు మొత్తం ఆగేది, బేళ్ల లెక్క తేలక బయట లారీలు నిలబడేవి. అందుకే ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మాకు కంఠతా వచ్చేది. అప్పటికే వీధివీధికీ కేబుల్ టీవీ వచ్చేసింది. దాని వైరు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది గానీ అది 75 ఓంలది, ఇక్కడ పనికిరాదు. ఆ తేడా చెప్పలేని కుర్రాణ్ణి మా సీనియరు వైరు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పాతదంతా బంగారమని నేను అనను. ఆ తర్వాత వచ్చిన ఎనిమిది పోగుల వైరు, దానికి తగిన స్విచ్ వెయ్యి రెట్లు నయం. ఒక వైరు తెగితే ఆ గది వరకే ఆగుతుంది. స్విచ్‌కి ముందు వాడిన హబ్బుల కాలంలో ఒకరు పంపింది అందరి మీదా పడేది, ఇద్దరు పంపినవి ఒకదానికొకటి ఢీకొనేవి. స్విచ్ ఎవరిది వాళ్లకే చేరుస్తుంది. సరుకు ఇంత మెరుగైంది, వేసే పనితనం మాత్రం పోయింది. నా బాధంతా అదే.

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నేనెంత సంబరపడ్డానో! కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు ఫైబరు, నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్. ఎస్‌టీడీ బూతు ముందు వరసలో నిలబడ్డవాళ్లకి అదెంత గొప్పో తెలుస్తుంది. కానీ గుమ్మం దాకా వచ్చిన వేగాన్ని లోపలి గదికి తీసుకెళ్లే దారేది? రూటరును హాల్లో టీవీ పక్కన పెడతారు. దానికీ పై గదికీ మధ్య ఇనుప చువ్వల స్లాబు. వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నలుకి గోడలు దాటే సత్తా తక్కువ. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు, బెంగళూరు నుంచి ఊరికొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు పడ్డ పాట్లు చూశాక కూడా ఇళ్లు కట్టేవాళ్లు మారలేదు.

మా అబ్బాయి ఇంట్లో వైరు కొసకి జాక్ బిగించడానికి ఒక కుర్రాడొచ్చాడు. చేయి చురుకైనవాడే. తొడుగు రెండంగుళాలు ఒలిచి, జతల మెలికలన్నీ బారుగా విప్పేసి, పోగులు జాక్‌లోకి తోసి నొక్కేశాడు. తొడుగు జాక్ బయటే ఉండిపోయింది, బరువంతా పోగుల మీదే.

"అదేంట్రా అబ్బాయ్, మెలికలు అంత దూరం విప్పావు?"

"లైటు వెలిగింది కదా బాబాయ్ గారూ!"

వెలుగుతుంది మరి! వంద ఎంబీపీఎస్‌కి ఎనిమిది పోగుల్లో నాలుగు చాలు. మిగతా నాలుగింటిలో ఒకటి సరిగా ఆనకపోయినా లైటు వెలుగుతూనే ఉంటుంది, కానీ గిగాబిట్ రాదు. డబ్బు పోసి కొన్న స్విచ్ పదోవంతు వేగంతో నడుస్తున్నా ఎవరికీ తెలియదు. ఆ మెలికలు అందానికి పెట్టినవి కావు. ఒక జత గోల ఇంకో జతకి అంటకుండా ఒక్కో జతను ఒక్కో బిగువుతో మెలేస్తారు. జాక్ దగ్గర అరంగుళం మించి విప్పకూడదు. జాక్ కోసేయించి నేనే దగ్గర కూర్చుని చేయించాను: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. తొడుగు జాక్ లోపలికి వెళ్లేలా తోసి, అప్పుడు నొక్కాడు. టెస్టరు మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగాయి.

వైరులోనూ మోసమే. చవకగా దొరుకుతోందని తెస్తున్న 305 మీటర్ల పెట్టెల్లో చాలావాటిలో ఉండేది అల్యూమినియం, పైన రాగి పూత. బ్లేడుతో పోగును గీకితే తెల్లగా బయటపడుతుంది. రెండుసార్లు వంచితే విరుగుతుంది. కెమెరాకి కరెంటు కూడా అదే వైరులో పంపితే వేడెక్కుతుంది. మిరప టిక్కీ కొనేటప్పుడు చెయ్యి లోపలిదాకా పెట్టి కాయ తీసి చూసే మనవాడు, ఇక్కడ పెట్టె మీద అక్షరాలు చదివి డబ్బులిచ్చి వచ్చేస్తున్నాడు.

కళ్లంలో మిరప ఎండబెట్టే రోజుల్లో కాపలాకి కెమెరాలు పెట్టుకోవడం మంచిదే. అయితే ఇంటి నుంచి అక్కడికి ఆరుబయట రాగి వైరు లాగుతున్నారు. వంద మీటర్లు దాటితే అది ఎలాగూ నమ్మకంగా పనిచేయదు. అంతకన్నా భయం పిడుగుది. వేసవి వానల్లో దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంబడే పోటు ఇంట్లోకొచ్చి స్విచ్‌నీ కంప్యూటర్నీ కాల్చేస్తుంది. అక్కడికి ఫైబరు వేయాలి. గాజుపోగులో కరెంటు పారదు.

గోడలో పైపు లేనందుకు కరెంటు వైర్ల పైపులోనే ఈ వైరునూ దూర్చేవాళ్లు ఇంకో రకం. తొడుగు ఎక్కడైనా చిట్లితే 230 వోల్టులు నేరుగా కంప్యూటరులోకి వస్తాయి. ఒక్క పైపు ఖర్చుకి వెనకాడి ఇంత ముప్పు కొనితెచ్చుకోవాలా?

మా వీధి చివర ఇంకో ఇంటికి వచ్చే వారం స్లాబు. చువ్వలు కట్టేశారు, ఫ్యాన్ల పైపులు పరిచారు, మెట్ల గది నుంచి పడకగదులకి మాత్రం ఏమీ లేదు. కాంక్రీటు పడ్డాక చేసేదేం లేదు కాబట్టి రేపు పొద్దున్నే మేస్త్రీ పనిలోకి దిగకముందే వెళ్లి గదికో పైపు వేయిస్తాను. ఇంటాయన కాదంటే పైపుల డబ్బు నేనే ఇస్తాను.