పట్టూ విడుపూ

నేను బ్రేక్ క్యాలిపర్‌ని. విశాఖపట్నంలో ఒక పాత కారుకి వెనక ఎడమ చక్రం లోపల ఉంటాను. కారు 2006 మోడల్. నేను అంత పాతదాన్ని కాను. నాకు ముందు ఈ చోట ఉన్న క్యాలిపర్ పాడైందని తీసి పడేసి నన్ను బిగించారు. కొన్ని నెలలు తిరక్కుండానే నా మీదా అదే మాట వచ్చింది. బ్రేకు పట్టేస్తోంది, వదలడం లేదు, క్యాలిపర్ పోయింది, ఇంకోటి వెయ్యాలి అన్నారు.

ఆ మాట ఎందుకు తప్పో తెలియాలంటే నా పని ఎలా సాగుతుందో ముందు తెలియాలి. పెడల్ మీద కాలు పడగానే మాస్టర్ సిలిండర్‌లోంచి బ్రేక్ ఆయిల్ సన్నటి ఇనుప గొట్టం వెంట వచ్చి, చివర్న ఒక రబ్బరు హోస్ దాటి నా లోపలికి చేరుతుంది. నా పిస్టన్ ముందుకు జరిగి లోపలి ప్యాడ్‌ని డిస్కుకి నొక్కుతుంది. నాకున్నది ఒక్క పిస్టనే. అందుకని బయటి ప్యాడ్‌ని నొక్కడానికి నేనే మొత్తంగా రెండు పిన్నుల మీద జారతాను. డిస్కు రెండు ప్యాడ్ల మధ్య ఇరుక్కుంటుంది, చక్రం నెమ్మదిస్తుంది.

పట్టడం వరకు బలమంతా డ్రైవరు కాలిది, దానికి తోడైన బూస్టర్‌ది. వదలడానికి మాత్రం నాకు ఎవరి సాయమూ లేదు. డ్రమ్ము బ్రేకుల్లో అయితే షూలని వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి. నాలో పిస్టన్‌ని లాగే స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చున్న చదరపు అంచుల రబ్బరు రింగు ఒక్కటే ఉంది. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు ఆ రింగు దాన్ని పట్టుకునే ఉండి కాస్త మెలి పడుతుంది. కాలు తీయగానే ఆ మెలి విడిపోతూ పిస్టన్‌ని తనతోపాటు వెనక్కి తెస్తుంది. ఎంత వెనక్కి? మిల్లీమీటరులో చిన్న వంతు. నా విడుపంతా ఆ వెంట్రుకవాసి కదలికలోనే ఉంది. పిస్టన్ మీద చిన్న తుప్పు మచ్చ లేచినా, పిన్నుల మీద గ్రీజు ఎండిపోయినా, హోస్‌లో ఆయిల్ కొంచెం నిలిచిపోయినా ఆ రింగు ఓడిపోతుంది.

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దానికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో లె మాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు గెలిచాక కార్ల కంపెనీలు మా వైపు తిరగసాగాయి. వెనక చక్రాలకు డిస్కులు పెట్టేటప్పుడు ఒక చిక్కొచ్చింది, హ్యాండ్ బ్రేకు ఎక్కడ పెట్టాలని. కొన్ని కార్లలో డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము పెట్టారు. మా కారులో ఆ బాధ్యత కూడా నాకే అప్పగించారు. నా వీపు మీద ఒక లీవరు ఉంది. కేబుల్ దాన్ని లాగితే లోపల వాలుగాడుల్లో ఉన్న గోళీలు దొర్లి పిస్టన్‌ని ముందుకు నెడతాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్‌ని సర్దే మరలు కూడా అక్కడే ఉన్నాయి. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు నా పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి. నాకు ముందున్నదాని పిస్టన్‌ని పెద్ద క్లాంపు పెట్టి బలవంతంగా నెట్టారని, లోపలి మరలు అప్పుడే దెబ్బతిన్నాయని తర్వాత తెలిసింది.

కారు యజమానురాలు రిటైరైన టీచరమ్మ. పెదవాల్తేరులో ఉంటుంది. సముద్రం దగ్గర, గాలిలో ఎప్పుడూ ఉప్పే. ఆవిడ కారు తీసేది రైతు బజారుకీ, అప్పుడప్పుడు సింహాచలానికీ. తక్కువ తిరిగే బండిలో వెనక బ్రేకులే ముందు చెడతాయి. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి ఒరుగుతుంది కాబట్టి పనిలో ఎక్కువ పాలు ముందు చక్రాలు చేస్తాయి. వెనక మేము పెద్దగా వేడెక్కం, పట్టిన తేమ అంత తొందరగా ఆరదు, తుప్పు తీరిగ్గా తింటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కారు విరిగిపడిన కొమ్మల కింద, హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నది ఉన్నట్టే నిలబడిపోయిందట. నేను అప్పటికి లేను. కానీ నా పైన వేలాడే హోస్, దాన్ని పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్టు అప్పటికే ఉన్నాయి. ఈ కథలో అసలు సంగతి వాటిదే.

మొదట మైలేజీ పడిపోయింది. తర్వాత న్యూట్రల్‌లో వదిలితే కాస్త పల్లంలో కూడా బండి దొర్లడం మానేసింది. బజారు నుంచి వచ్చి ఆపితే ఎడమ వెనక చక్రం దగ్గర కాలిన వాసన. రిమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడి. నగరంలో ఒక వర్క్‌షాపులో చూపిస్తే సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి "ఫ్రీ అయిపోయింది మేడం" అన్నారు. అది మళ్లీ పట్టేసింది. పిన్నులు తీసి, చేతికందిన బేరింగు గ్రీజు పూసి బిగించారు. పెట్రోలియం గ్రీజు తగిలితే పిన్నుల మీది రబ్బరు ఉబ్బుతుంది. అక్కడ సిలికాన్ గ్రీజే వెయ్యాలి. ఆ తర్వాత పాత క్యాలిపర్‌ని తీసేసి, అవే పిన్నుల మీద నన్ను పెట్టారు. కొత్త ఆయిల్ పోశారు, హోస్‌ని విప్పి బిగించారు. ఆ కదలికకి కొన్ని వారాలు అంతా బాగానే సాగింది. దాంతో తప్పు క్యాలిపర్‌దేనని అందరూ నమ్మారు. నేనూ పట్టేశాక నమ్మకం తగ్గాల్సింది పోయి, నేను నకిలీ సరుకునన్నారు.

ఎవరో చెబితే టీచరమ్మ కారుని గాజువాక ఆటోనగర్‌కి తీసుకెళ్లింది. చిన్న రేకుల షెడ్డు, పెద్ద వయసు మేస్త్రీ. ఆయన మొదట చక్రం వైపు వెళ్లనే లేదు. స్టూలు మీద కూర్చోబెట్టి అంతా అడిగాడు. ఎప్పుడు పట్టేస్తుంది, పొద్దున్న తీసేటప్పుడా, తిరిగి తిరిగి వచ్చాకా? రెండు వెనక చక్రాలూనా, ఒక్కటేనా? పెడల్ ఎప్పుడైనా మెత్తగా దిగిపోయిందా?

"తిరిగాకే మేస్త్రీ. పొద్దున్న బాగానే ఉంటుంది. ఒక్క ఎడమ చక్రమే" అంది ఆవిడ. "క్యాలిపర్ మార్చమన్నారు. ఎంతవుతుంది?"

"మార్చడం ఎంతసేపమ్మా. కొత్తది వేసినా అదే జబ్బు వచ్చిందంటే జబ్బు దాంట్లో లేదు. చల్లారిన బండిలో నాకేం కనపడదు. పట్టేసినప్పుడే చూడాలి. పదండి, ఓసారి తిప్పుకొద్దాం."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అంతకుముందు నన్ను చూసినవాళ్లంతా బండిని రాత్రంతా ఉంచి పొద్దున్న విప్పినవాళ్లే. అప్పటికి ఒత్తిడి దానంతటది మెల్లగా దిగిపోయి ఉండేది. చక్రం హాయిగా తిరిగేది. సాక్ష్యం ఏమీ మిగలని వేళ విప్పి, కళ్లకు ఎదురుగా ఉన్నదాని మీద నేరం మోపేవారు.

కూర్మన్నపాలెం దాటి లంకెలపాలెం దాకా వెళ్లి వచ్చారు. సిగ్నళ్ల దగ్గర మామూలుగానే బ్రేకు వేశారు. షెడ్డుకి వచ్చేసరికి నేను కాలిపోతున్నాను. మేస్త్రీ వేడి కొలిచే గన్ను పట్టుకుని నాలుగు డిస్కులూ చూశాడు. కుడి వెనకది 60 డిగ్రీల దగ్గర ఉంటే నా పక్కది 200 దాటింది. ముందు రెండూ సమానంగా ఉన్నాయి. ఇలాంటి కార్లలో బ్రేకు లైన్లు ఐమూలగా ఉంటాయి, ఎడమ వెనకకీ కుడి ముందుకీ ఒకే లైను. తప్పు మాస్టర్ సిలిండర్‌దైతే కుడి ముందు చక్రం కూడా వేడెక్కాలి. అది మామూలుగానే ఉంది.

జాకీ ఎత్తి ముందు హ్యాండ్ బ్రేకు కేబుల్‌ని నా లీవరు నుంచి విడదీశాడు. లీవరు తన ఆనికకి చక్కగా తగిలింది, చక్రం మాత్రం కదల్లేదు. కేబుల్ తప్పు కాదని తేలింది. తర్వాత నా బ్లీడింగ్ నిపుల్‌కి సన్న గొట్టం తగిలించి, స్పానర్‌తో పావు చుట్టు వదులు చేశాడు. టీ డికాషన్ రంగు ఆయిల్ ఒక్కసారిగా చిమ్మింది. చక్రం చేత్తో తిప్పితే తిరిగింది.

"చూశారా అమ్మా, ఇది వదలడానికి సిద్ధంగానే ఉంది. లోపల ఆయిల్‌ని ఎవరో పట్టి ఉంచారు."

పిస్టన్ తుప్పుపట్టి ఉంటే, పిన్నులు బిగుసుకుని ఉంటే నిపుల్ తెరిచినా చక్రం తిరగదు. ఆ ఒక్క పావు చుట్టుతో నా మీద నింద పోయింది. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. నిపుల్ మూసి, కుర్రాడి చేత పెడల్ నాలుగైదుసార్లు తొక్కించి, మళ్లీ పట్టేశాక ఈసారి పైన, ఇనుప గొట్టం హోస్‌తో కలిసే చోట నట్టు వదులు చేశాడు. అక్కడ ఆయిల్ కాస్త కారింది. చక్రం వదల్లేదు. అంటే అడ్డం ఆ నట్టుకీ నాకూ మధ్యే ఉంది. మధ్యలో ఉన్నది హోస్ ఒక్కటే.

హోస్ విప్పి బల్ల మీద పెట్టి బ్లేడుతో నిలువునా కోశాడు. బయట చూస్తే నల్లగా, పగుళ్లు కూడా లేకుండా ఉంది. బ్రాకెట్టు పట్టిన చోట మాత్రం నొక్కుకుపోయింది. ఆ బ్రాకెట్టు లోపలి వైపు తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కదలడానికి వీల్లేని బిగింపులో అలా ఉబ్బి ఉబ్బి, ఏళ్ల తరబడి హోస్ గొంతు నొక్కింది. లోపల దారి సూది పట్టేంత మిగిలింది. దాని పక్కనే లోపలి రబ్బరు పొర లేచి మూతగా నిలబడింది. కాలి బలంతో వచ్చే ఆయిల్ ఆ మూతని తోసుకుని నాలోకి రాగలదు. తిరిగి వెళ్లేటప్పుడు దాన్ని నెట్టేది నా రబ్బరు రింగు బలమే, అది చాలదు. నన్ను కాదు, నా బదులు ఏ కంపెనీ క్యాలిపర్‌ని పెట్టినా ఇదే గతి.

ఇలా పట్టేసిన బ్రేకు వేడిని తేలిగ్గా తీసుకునేవాళ్లని చూస్తే నాకు భయం. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్‌కి ప్రమాణం పెట్టిన హద్దు 155 డిగ్రీలే. నాలోని ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకి దిగిపోతుంది. అది సింహాచలం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు జరిగితే? టీచరమ్మ పక్కన మనవలు కూర్చుంటారు.

మేస్త్రీ రెండు వెనక హోస్‌లూ మార్చాడు. ఒక వైపు పాడైతే అదే వయసున్న రెండోదాన్ని నమ్మకూడదన్నాడు. బ్రాకెట్టుని వైరు బ్రష్షుతో గీకి రంగు పూశాడు. నా ఉబ్బిన పిన్ను రబ్బర్లు తీసేసి కొత్తవి వేసి సిలికాన్ గ్రీజు పూశాడు. ప్యాడ్ల చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పుల కింద పేరుకున్న తుప్పుని ఆకురాయితో రుద్ది, ప్యాడ్లు వేలితో జరిపితే జరిగేలా చేశాడు. ఈ చివరి పని చాలామంది చెయ్యరు. ఆ సందులో తుప్పు పెరిగినా ప్యాడ్ ఇరుక్కుని ఇలాగే పట్టేస్తుంది. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పోయేదాకా బ్లీడింగ్ చేశాడు. మళ్లీ లంకెలపాలెం వెళ్లొచ్చారు. ఈసారి రెండు వెనక డిస్కులకీ మధ్య తేడా నాలుగైదు డిగ్రీలే.

"చదునుగా ఉన్నచోట రాత్రంతా హ్యాండ్ బ్రేకు లాగి ఉంచకండమ్మా. గేర్లో పెట్టి, చక్రం కింద చెక్క ముక్క పెట్టండి. పగలు మాత్రం వాడుతూనే ఉండండి, వాడకపోతే కేబులూ లీవరూ బిగుసుకుపోతాయి. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే."

ఆవిడ బిల్లు వెనక తేదీ రాసుకుంది. ముందు చక్రాల హోస్‌లు కూడా 2006 నాటివేనని మేస్త్రీ గుర్తు చేశాడు. వచ్చే నెల పింఛను పడ్డాక తెస్తానంది. వానలకి ముందే తెమ్మని ఆయన మరీ మరీ చెప్పాడు. నేను చెప్పగలిగితే నేనూ అదే చెప్పేదాన్ని.